తలకు ప్యాడ్ ఉండదు

మెట్లు దిగడంలో అతన్ని మించినవాడు ఆ స్టూడియోలో లేడు. కాకపోతే కాళ్ళతో దిగేవాడు కాదు. భుజంతో, వీపుతో, మోచేతులతో, పక్కటెముకలతో దిగేవాడు. ఇవన్నీ అయ్యాక ఆఖరి మెట్టు దగ్గర తలతో దిగేవాడు. హీరో దొర్లాల్సిన చోట హీరో కోటు తొడుక్కుని దొర్లేవాడు. హీరోయిన్ దొర్లాల్సిన చోట పొడుగు గౌను వేసుకుని, విగ్గు పెట్టుకుని, పడేటప్పుడు కూడా కాస్త సిగ్గుపడుతున్నట్టు దొర్లేవాడు. ఒక సినిమాలో అయితే తోసినవాడికీ తోయించుకున్నవాడికీ ఇద్దరికీ డూపు అతనే. కింద పడి, బట్టలు మార్చుకుని, పైకెక్కి, తను పడ్డ చోటే మళ్ళీ వచ్చి పడ్డాడు.

పడితే ఎగిరి లేస్తాడని అందరూ అతన్ని బంతి అనేవాళ్ళు. హాజరు పుస్తకంలో వేరే పేరేదో ఉండేది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఎవర్నో అనుకుని అతనూ వెనక్కి తిరిగి చూసేవాడు.

ఇది అతని కథే. కానీ దగ్గరుండి చూసిందీ, అందులో సగం తన చేతుల్తో కుట్టిందీ అతని భార్య.

ఆమె అదే స్టూడియోలో కాస్ట్యూమ్స్ గదిలో టైలర్. తొమ్మిది మిషన్లున్న పొడుగాటి గది. గోడ పొడుగునా కొక్కేలకు రాజుల కోట్లూ దొంగల చొక్కాలూ పక్కపక్కనే వేలాడేవి. చెమట వాసనలో రాజుకీ దొంగకీ తేడా ఉండేది కాదు. ఆమె మిషను కిటికీ పక్కన. కిటికీలోంచి చూస్తే ఎదురు షెడ్డుకు ఆనించిన బట్ట ఆకాశం కనిపించేది. ఎప్పుడో ఏదో సినిమాకి వేసిన ఆకాశం. మబ్బులు వెలిసిపోయి, ఒక మూల చిరిగి, వెనకున్న చెక్కలు బయటపడ్డాయి. వానాకాలంలో అసలు ఆకాశం ఆ బట్ట ఆకాశాన్ని తడిపేది.

అతను మొదటిసారి ఆ గదిలోకి వచ్చింది ఒక కోటు వదులు చేయించుకోవడానికి. కొలతలు తీస్తుంటే వీపు మీద అరచేయంత మేర కమిలిన మచ్చ కనబడింది.

"ఈ కోటెవరిది?" అందామె.

"హీరోగారిది."

"మరి ఈ వీపు?"

"అదీ హీరోగారిదేనండీ. మొయ్యడం మాత్రం నేను మోస్తున్నా."

తొమ్మిది మిషన్లూ ఒక్కసారి ఆగి నవ్వాయి. ఆమె నవ్వలేదు. కోటు విప్పించి, లోపలి అస్తరు ఊడదీసి, వీపు భాగంలో వేలెడు మందాన దూదీ దానిమీద పలచటి స్పాంజీ పరిచి, అడ్డంగా నిలువుగా కుట్లు వేసి, మళ్ళీ అస్తరు మూసి ఇచ్చింది. బయటికి ఏమీ తెలియదు. మర్నాడతను పన్నెండు మెట్లు దొర్లి, లేచి, తిన్నగా కాస్ట్యూమ్స్ గదికి వచ్చాడు. "ఇవాళ నా వీపు నాకే మిగిలిందండీ," అన్నాడు. పెళ్ళి మాట తర్వాత వచ్చింది గానీ, ఆమెకు సంబంధించినంత వరకు అంతా ఆ వాక్యం దగ్గరే ఖాయమైపోయింది.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు అతని ఒంటికి ఆమె ప్యాడ్లు కుట్టింది. మోకాళ్ళకు తోలు, తుంటికి నమదా అనే దళసరి ఉన్ని బట్ట, వెన్నుకు పొడుగ్గా పట్టీ, మోచేతులకు గిన్నెల్లాంటివి. ఏ సినిమాలో ఎటువైపు పడతాడో ముందే అడిగి, ఆ వైపు ఒక పొర ఎక్కువ వేసేది. అతని శరీరం ఆమెకు కాగితం మీద గీసిన కొలతల్లా కంఠతా వచ్చు. ఫైట్ మాస్టర్ అయితే గర్వంగా చెప్పుకునేవాడు, "టైలరమ్మ ప్యాడ్ కడితే మావాడు మేడ మీంచి దూకినా టీ వేళకి లేచొస్తాడయ్యా" అని. నిజమే. మిగతా ఫైటర్లకు ఏడాదికో కాలు, రెండేళ్ళకో చెయ్యి విరిగేవి. కొందరు కుంటుకుంటూ వేరే పనుల్లోకి పోయారు. బంతికి ముప్పై ఏళ్ళలో ఒక్క ఎముకా విరగలేదు.

తలకు మాత్రం ప్యాడ్ ఉండదు. ఆమె ప్రయత్నించకపోలేదు. ఒకసారి విగ్గు కింద పెట్టుకోవడానికి సన్న స్పాంజితో టోపీ కుట్టిచ్చింది. మాస్టర్ కెమెరాలోంచి చూసి తల పట్టుకున్నాడు.

"ఏంట్రా బంతీ, అది తలా గుమ్మడికాయా? హీరోగారు చూస్తే మనిద్దర్నీ తంతారు. తీసి పారెయ్."

సాయంత్రం ఇంటికొచ్చి ఆ టోపీ ఆమె చేతిలో పెట్టాడు. "నా తలకేంలేవే. లోపలేదైనా ఉంటే కదా దెబ్బ తగలడానికి," అన్నాడు. అప్పుడామె నవ్వింది.

ఆ పనిలో ఒక పద్ధతుంది. పడ్డవాడు పడ్డచోటే ఉండి బొటనవేలు పైకెత్తాలి. అది లేచేదాకా ఫ్లోర్‌లో ఎవరూ ఊపిరి తియ్యరు. లేవగానే చప్పట్లు. అప్పుడు మాస్టర్ వచ్చి మొహం మీదికి వంగి, రెండు వేళ్ళు చూపించి "ఎన్నిరా?" అనేవాడు. ఎప్పుడూ రెండే. ఫైటర్లందరికీ ఆ సంగతి తెలుసు. మాస్టర్‌కీ వాళ్ళకు తెలుసని తెలుసు. "రెండు" అనగానే మాస్టర్ వెనక్కి తిరిగి "మావాడు రెడీ" అని అరిచేవాడు, డైరెక్టర్ "వన్ మోర్" అనేవాడు. ఒకే మెట్ల మీద ఒకే రోజు ఏడుసార్లు, తొమ్మిదిసార్లు. ఒకసారి ఆమె పక్కనే నిలబడి చూసింది. అతను కళ్ళు తెరవకుండానే రెండు అన్నాడు. ఆ రోజు ఆమెకు భయం వెయ్యలేదు. తన భర్త ఎంత పనిమంతుడో అనుకుంది.

నలభై ఏడో ఏట మొదలైందని చెప్పొచ్చు. మొదలైనట్టు ఎవరికీ తెలియలేదు. వెలుతురు గిట్టకుండా పోయింది, పగలు కూడా కిటికీ తలుపులు మూసేవాడు. గిన్నె మూత కిందపడి మోగితే ఒంటికాలి మీద లేచేవాడు. ఒకప్పుడు నోట్లో నాలుక లేదనిపించుకున్న మనిషి, చొక్కా గుండీ కనబడకపోతే ఇల్లు పీకి పందిరేసేవాడు. అరిచాక ఎందుకరిచాడో అతనికే గుర్తుండేది కాదు. చిరాకు మాత్రం మిగిలేది, కుండ పగిలాక నేల మీద మిగిలిన తడిలాగా. యాభై దాటాక చదును నేల మీద నడుస్తూ తూలాడు. మెట్ల మీంచి దొర్లేటప్పుడు ఏనాడూ అదుపు తప్పని మనిషి సొంతింటి గడప దగ్గర అదుపు తప్పాడు. మాస్టర్ నొచ్చుకుంటూనే వేరేవాణ్ణి పెట్టుకున్నాడు. దాంతో అతని రోజంతా ఇంట్లోనే గడవడం మొదలైంది.

ఏకైక కూతురు వేరే ఊళ్ళో బడిపంతులమ్మ. ఫోన్ చేసినప్పుడల్లా "నాన్నెలా ఉన్నారమ్మా?" అంటే, "నాన్నే, ఎలా ఉంటారు?" అనేది ఆమె. కూతురు అదొక మామూలు జవాబనుకునేది. ఆమె మాత్రం ప్రతిసారీ నిజంగానే అడుగుతున్నట్టు అనేది.

ఒక మధ్యాహ్నం వంటగదిలో ఆమె చేతిలోంచి పళ్ళెం జారింది. అది నేల మీద గిరగిరా తిరిగి, తిరిగి, ఆగడానికి చాలాసేపు తీసుకుంది. అది ఆగకముందే అతను వచ్చి ఆమెను తోశాడు. ముప్పై ఏళ్ళు తోయించుకోవడం తప్ప తోయడం ఎరగని చేతులవి. ఆమె గట్టుకు తగిలి పడింది. కుడి మణికట్టు విరిగింది. పడ్డవాళ్ళను లేపడం తెలిసిన మనిషి, ఆమెను లేపలేదు. పళ్ళేన్ని తీసి గట్టు మీద పెట్టి తన గదిలోకి వెళ్ళిపోయాడు.

కూతురు మొదటి బస్సుకే వచ్చింది. కట్టు కట్టిన చేతిని చూసి ముందు ఏడ్చింది, తర్వాత కోపం తెచ్చుకుంది.

"బట్టలు సర్దుకో. నాతో వచ్చెయ్. ఇంక ఒక్క రోజు కూడా వద్దు."

"మరి ఆయన?"

"ఆయన సంగతి ఆయన చూసుకుంటారు. నీ చెయ్యి విరిచిన మనిషి గురించేంటమ్మా ఇంకా?"

"అదే తేలాలే," అందామె. "నా చెయ్యి విరిచింది ఆయనా, ఆయనకొచ్చిన జబ్బా? జబ్బయితే జబ్బు మనిషిని వదిలి నేనెక్కడికీ రాను. ఆయనే అయితే మాత్రం ఇంక ఆయన మొహం చూడను. ఇందులో ఏదో ఒకటి ఎవరైనా తేల్చి చెప్తే చాలు."

కూతురు విస్తుపోయి చూసింది. "అంటే తేలేదాకా తన్నించుకుంటావా?"

"తేలకుండా వదిలేస్తే మిగతా బతుకంతా అదే తంతుంది నన్ను."

అలా ముగ్గురూ కలిసి మెదడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ చిన్న వయసు మనిషి, గొంతు నెమ్మది. గదిలో బల్ల మీద మెదడు బొమ్మ, విప్పి మళ్ళీ అతికించుకునేది, నాలుగు రంగుల్లో. అతను దాన్ని చేతిలోకి తీసుకుని ముక్క ఊడదీసి, మళ్ళీ పెట్టడం కుదరక, మెల్లగా ఫైలు వెనక దాచాడు.

డాక్టరమ్మ వేళ్ళు చూపించి "ఎన్నండీ?" అంది.

"రెండు," అన్నాడతను. వేళ్ళ వైపు చూడనైనా లేదు.

నాలుగు చూపిస్తోందావిడ. అతను అందరి మొహాలూ చూసి, ఏదో జారిందని కనిపెట్టి, టక్కున "మిగతా రెండూ మీ దగ్గరుంచుకోండి డాక్టరమ్మా, అవసరానికి పనికొస్తాయి," అన్నాడు. డాక్టరమ్మ కూడా నవ్వింది. కూతురు కిటికీ వైపు తిరిగింది.

స్కానులూ పరీక్షలూ అయ్యాక రెండో వారం అతన్ని బయట కూర్చోబెట్టి, ఆవిడ తల్లీకూతుళ్ళకు చెప్పుకొచ్చింది. తల బలంగా కుదిపినప్పుడు మెదడు కణాలు చుక్క చుక్కగా వాడుకోవాల్సిన రసాయనాన్ని ఒక్కసారిగా ఒంపేసుకుంటాయట. దాన్ని మళ్ళీ సర్దుకోవడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుందట. ఆ లోపల మళ్ళీ కుదిపితే సర్దుకోవడం సగంలో ఆగుతుందట. కణాల లోపల సన్నటి దారాల్లాంటి గొట్టాలుంటాయి, వాటిని కలిపి పట్టుకునే ప్రోటీన్ ఒకటుంది, టావ్ అంటారు. అది ఊడిపోయి ఉండలు కట్టడం మొదలుపెడితే, దెబ్బలు ఆగిపోయాక కూడా ఉండలు కడుతూనే పోతుందట. కోపాన్ని పట్టి ఆపే చోటు, గుర్తు పెట్టుకునే చోటు, అక్కడే ఎక్కువగా.

"కచ్చా కుట్టు ఊడినట్టన్నమాట," అందామె. "బట్ట జారుతుంది, ఊడిన దారం చిక్కు పడుతుంది. ఒక చిక్కుకు ఇంకో చిక్కు తగులుకుంటుంది."

"సరిగ్గా అంతేనమ్మా," అంది డాక్టరమ్మ.

"కానీ నేను ప్యాడ్లు కుట్టాను కదమ్మా. ఆయన తల నేలకు తగలకుండానే పడేవాడు చాలాసార్లు. భుజం మీద పడేవాడు."

"తల నేలకే తగలక్కర్లేదండీ. ఒళ్ళు ఒక్కసారి ఆగిపోతే లోపల మెదడు ఆగదు. అది కదిలి ఎముకకు కొట్టుకుంటుంది. పుర్రె బయట ఎంత మెత్తగా ఉన్నా లోపలికి ఏ మెత్తా అందదు." ఆవిడ కాగితాలు చూసి, "ఆశ్చర్యంగా ఉంది, ముప్పై ఏళ్ళు చేశారు. మామూలుగా ఈ పనిలో ఏదో ఎముక విరిగి చాలా ముందే మానేస్తారు," అంది.

డాక్టరమ్మ ఆ మాట అతన్ని మెచ్చుకుంటూ అంది. ఆమె మాత్రం తను కుట్టినవన్నీ లెక్కపెట్టుకుంది. తుంటికి నమదా. మోకాళ్ళకు తోలు. పడబోయే వైపు ఒక పొర ఎక్కువ. కాలు విరిగి ఉంటే పనిలో చేరిన పన్నెండో ఏటే మానేసేవాడు. గేటు దగ్గరో, స్టోరు గదిలోనో కుర్చీలో కూర్చుని, లేస్తే కుంటుకుంటూ, నవ్వుకుంటూ ముసలివాడయ్యేవాడు. విరగనివ్వలేదు. ప్రతి ఉదయం అతన్ని కొత్తవాణ్ణి చేసి పంపింది, సాయంత్రానికి ఇంకొక్కసారి పడడానికి వీలుగా. 'వన్ మోర్' అని డైరెక్టర్ నోటితో అన్నాడు. ఆమె సూదితో అంది.

కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అడగాల్సింది అడిగింది. "అయితే ఇది జబ్బేనా? ఖాయంగా చెప్పండి."

డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టింది. "అనుమానం బలంగా ఉందమ్మా. కానీ ఖాయంగా చెప్పే పరీక్ష బతికుండగా లేదు. వయసు వల్ల కావచ్చు, పని పోయిన దిగులు కావచ్చు, స్వభావమే కావచ్చు. పోయాక మెదడు పలచగా కోసి, గాజు పలకల మీద పరిచి చూస్తేనే తేలుతుంది."

"అంటే ఆయనతో ఉండాలో వద్దో ఆయన పోయాక తెలుస్తుందన్నమాట."

డాక్టరమ్మ మెల్లగా, పోయాక మెదడు పరిశోధనకు ఇవ్వడానికి ఒక కాగితం ఉంటుందనీ, బలవంతమేమీ లేదనీ చెప్పింది. అతన్ని లోపలికి పిలిచి, చదివి వినిపించింది. అతను శ్రద్ధగా విన్నాడు. సంతకం పెడుతూ, "కొత్తదిలాగే ఉంటుంది తీసుకోండమ్మా, నేను పెద్దగా వాడలేదు," అన్నాడు. కింద భార్య సంతకం చేసే చోట ఆమె ఎడమ చేత్తో వంకరగా గీసింది. పరిశోధన కోసం కాదు. చచ్చాకైనా తేలుతుంది కదా అని.

కూతురు వెళ్ళిపోయింది. ఆమె అతన్ని కొంతకాలం ఓర్చుకుంది. జబ్బే అనుకుంటే ఓపిక అదే వచ్చేది. మందులు వేళకిచ్చేది, అరుపులు చెవిన వేసుకునేది కాదు. ఆ ఓపికను తెంచింది మాస్టర్.

ఆయన ఒకరోజు పొద్దున్నే ఇద్దరు పాత ఫైటర్లను వెంటబెట్టుకుని చూడ్డానికొచ్చాడు. అంతకు ముందే, టీ చల్లారిందని బంతి కప్పు గోడకు కొట్టాడు. ఆమె పెంకులు ఏరుతుండగా తలుపు చప్పుడైంది. మాస్టర్‌ను చూడగానే బంతి మొహం వెలిగింది. లేచి నిలబడి దండం పెట్టాడు. పాత షూటింగుల కబుర్లు చెప్పాడు. ఒక్కో మనిషి నడకా అనుకరించి చూపించాడు. మాస్టర్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. "మా ఆవిడ చేతి టీ తాగండి సార్, ఊళ్ళో ఎక్కడా దొరకదు," అని ఆమె వైపు చూపించాడు, ఎంత మర్యాదగానో.

వెళ్తూ గుమ్మం దగ్గర మాస్టర్, "వీడికేం జబ్బు టైలరమ్మా? బంగారంలా ఉన్నాడు. నువ్వే కాస్త సర్దుకుపోవాలేమో," అన్నాడు.

తలుపు మూసి వెనక్కి తిరిగేసరికి, బంతి మొహం ఆరిపోయి ఉంది. "వాళ్ళ ముందు పెంకులేరతావేంటే, నా పరువు తియ్యడానికా?" అని కేకలేశాడు.

ఆమె అక్కడే నిలబడిపోయింది. జబ్బయితే చుట్టం వచ్చినప్పుడు సెలవు పెట్టి వెళ్తుందా? జ్వరం మాస్టర్‌ను చూసి దిగిపోతుందా? గంటసేపు ఆపుకోగలిగినవాడు తన ముందెందుకు ఆపుకోడు? డాక్టరమ్మ తేల్చలేనిది ఆ గుమ్మం దగ్గర తేలిపోయినట్టనిపించింది ఆమెకు. ఇది జబ్బు కాదు. ఈయనే. తన ముందు మంచితనం ఖర్చుపెట్టడం దండగనుకునే ఈయనే.

ఆ సాయంత్రమే ముందు గదిలోకి మిషనూ మంచమూ మార్చుకుంది. లోపలి వైపు గడియ పెట్టించింది. కూతురి దగ్గరికి వెళ్ళలేదు. తను పోతే ఇతనికి మందులిచ్చేదెవరు, పొయ్యి ఆర్పేదెవరు? మాటలు మాత్రం ఆపేసింది. భోజనం బల్ల మీద మూతపెట్టి ఉంచేది, మందుల పక్కన నీళ్ళగ్లాసు. ఉతికిన బట్టలు మడత పెట్టి కుర్చీ మీద. ఏదీ లోటు చెయ్యలేదు, ఒక్క గొంతు తప్ప. స్టూడియో పనులు ఇంటికే తెచ్చుకునేది. అతుకుపడ్డ చేతికి కుట్టు మునుపటంత తిన్నగా రావట్లేదు. వంకరపోయిన కుట్టు ఊడదీసినప్పుడల్లా ఆమె కోపం కొత్తగా కుట్టుకునేది.

పద్నాలుగు నెలలు. ఇంట్లో రెండు నిశ్శబ్దాలు తిరిగేవి, ఒకటి పట్టుదలది, ఒకటి మతిమరుపుది. మొదట్లో అతను అరిచేవాడు, తలుపు తన్నేవాడు. తర్వాత తగ్గింది. కొన్నిసార్లు ఆమెను చూసి, ఎక్కడో చూసిన మనిషన్నట్టు నొసలు ముడిచేవాడు. కూతురు ఫోన్లో, "పోనీ ఒక్క మాట మాట్లాడమ్మా, చిక్కిపోతున్నారట," అనేది.

"నువ్వే కదే ఇంక ఒక్క రోజు కూడా వద్దన్నావు?"

"అప్పుడన్నాను."

"నేనిప్పుడంటున్నాను," అని పెట్టేసేది.

ఒక మధ్యాహ్నం ఆమె ఒక పెళ్ళికూతురి గౌనుకు అంచు కుడుతోంది. తలుపు మీద చప్పుడైంది. తన్నినట్టు కాదు. వేళ్ళ కణుపులతో, మెల్లగా, మూడుసార్లు, పరాయింటి తలుపు కొట్టినట్టు.

"ఏమే," అన్నాడతను.

ఆమె మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది.

"ఒకసారి తియ్యవే. నీకో మాట చెప్పాలి."

గొంతు పాతది. వీపు నాకే మిగిలిందండీ అన్న గొంతు. ఆమె ఒళ్ళంతా చెవులు చేసుకుంది, కాళ్ళు మాత్రం కదల్లేదు. మాస్టర్‌కు దండం పెట్టిన గొంతు కూడా ఇదే కదా అనుకుంది. తీస్తే నవ్వుతాడు, నవ్వితే తను కరిగిపోతుంది, రేపు మళ్ళీ కప్పు గోడకు కొడతాడు.

"తొందరగా తియ్యవే," అన్నాడతను. ఆగి, ఇంకా మెల్లగా, "మర్చిపోతాను."

ఆమె తియ్యలేదు. తలుపు కింద సందులోంచి అతని పాదాల నీడ కనిపిస్తూనే ఉంది. అది ఒకసారి ఈ కాలి మీదికీ ఒకసారి ఆ కాలి మీదికీ బరువు మార్చుకుంది. బడిలో జవాబు మర్చిపోకుండా పట్టుకుని నిలబడ్డ పిల్లవాడిలా. చాలాసేపటికి నీడ కదిలింది. ఆమె గౌను అంచు పూర్తి చేసి, దారం కొరికి, సాయంత్రం ఎప్పుడో తలుపు తీసింది. అతను కుర్చీలో కూర్చుని, తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. ఏం చెప్పాలనుకున్నావని అడగడానికి ఆమెకు అభిమానం అడ్డొచ్చింది. రేపడగొచ్చులే అనుకుంది. రేపూ అడగలేదు. పదకొండో రోజు పొద్దున అతను నిద్రలోనే పోయాడు.

ఆస్పత్రివాళ్ళు వచ్చి కాగితం ప్రకారం తీసుకోవాల్సింది తీసుకున్నారు. ఏడు వారాలకు డాక్టరమ్మ రమ్మని కబురంపింది. కూతురు తోడొచ్చింది. అదే గది, అదే బల్ల. ఆవిడ కంప్యూటర్ తెర ఇటు తిప్పి చూపించింది. పలచటి ముక్క, ఆకు ఈనెల్లాంటి మడతలు. ఆ మడతల లోతుల్లో గోధుమరంగు మరకలు, టీ ఒలికి ఆరినట్టు.

"సందేహం లేదమ్మా. ఇంత ముదిరిన కేసు నేనెప్పుడూ చూడలేదు," అంది డాక్టరమ్మ. "నుదుటి వెనకున్న ఈ భాగమే కోపానికి పగ్గం. అది చాలావరకు పోయింది. చివరి ఏళ్ళలో ఆయన తనను తాను ఆపుకోవడం అసాధ్యం."

"గంటసేపు ఆపుకునేవాడు," అందామె. "ఎవరైనా వస్తే."

"అదీ ఈ జబ్బులో ఉన్నదే. మిగిలిన బలమంతా కూడదీసుకుని కాసేపు నిలబడతారు. నీళ్ళలో ఊపిరి బిగబట్టినట్టు. ఆ తర్వాత మీ దగ్గరికొచ్చి వదిలేస్తారు. ఇంట్లోనే కదా వదలగలిగేది?"

కూతురు చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి. ఎంతో కాలంగా మోస్తున్న బరువు ఎవరో దించినట్టు ఏడుస్తూనే నవ్వింది. తల్లి భుజం చుట్టూ చెయ్యి వేసి దగ్గరికి లాక్కుంది. "విన్నావా అమ్మా? నాన్న కాదమ్మా. నాన్న కాదు. నువ్వడిగింది తేలిపోయింది. జబ్బే అదంతా."

ఆమె తెర మీది మరకల్నే చూస్తోంది.

"డాక్టరమ్మా," అంది. "కోపం జబ్బు. అరుపు జబ్బు. నా చెయ్యి విరిచింది జబ్బు. మరి ఒకరోజు వచ్చి మెల్లగా పిలిచాడు. మర్చిపోకముందే నాకో మాట చెప్పాలన్నాడు. అది కూడా జబ్బేనా?"

డాక్టరమ్మ మొహం మెత్తబడింది. ఇంతసేపటికి ఇవ్వదగ్గ మంచి కబురొకటి దొరికినట్టు ముందుకు వంగింది. "లేదమ్మా. మధ్యమధ్యలో అలాంటి తేటగడియలొస్తాయి. అది జబ్బు కాదు. అది ఆయనే."

కూతురు కళ్ళు తుడుచుకుంది. భుజం మీది చెయ్యి ప్రేమగా బిగిసింది. "నాకెప్పుడూ చెప్పనేలేదేంటమ్మా! ఏం చెప్పారు నాన్న?"

తెరలో ఎక్కడైనా ఆ మాట రాసి ఉందేమోనన్నట్టు ఆమె ఇంకాసేపు వెతికింది. తర్వాత, తలుపు తియ్యలేదని చెప్పింది.

భుజం మీది చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత లేదు.